తవ్వకుండా దొరికే నిధి!

సెలవులొచ్చాయంటే చాలు, పిల్లలు ఫోను పట్టుకుని మంచం దిగరు. “కాసేపు బయటికెళ్లి ఆడుకోండర్రా” అంటే వింటారా? అదే ఫోనుతో వాళ్లని బయటికి లాక్కొచ్చే ఆట ఒకటుంది. పేరు జియోకేషింగ్. మన మాటల్లో నిధి వేట!

నిధి అనగానే మార్కాపురం, గిద్దలూరు వైపు మనకి గుప్తనిధుల పేరుతో పాత గుళ్ల దగ్గర జరిగే తవ్వకాలే గుర్తొస్తాయి. కంగారుపడకండి. ఈ ఆటలో గునపానికి పని లేదు. నేల తవ్వకూడదన్నదే మొదటి నియమం.

ఎలా పుట్టింది?

2000 మే 2న అమెరికా ప్రభుత్వం జి.పి.ఎస్. సంకేతాల్లో కావాలని ఉంచిన తేడాను తీసేసింది. మర్నాడే ఆరెగాన్ రాష్ట్రంలో డేవ్ ఉల్మర్ అనే ఆయన ఒక బకెట్టు దాచి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు ప్రకటించాడు. అందులో చిక్కుడు గింజల డబ్బా కూడా పెట్టాడట! ఇప్పుడు మాత్రం తినే వస్తువులు పెట్టకూడదు. చీమలు, జంతువులు వస్తాయి కదా.

ఎలా ఆడాలి?

అక్షాంశ రేఖాంశాలంటే భూమ్మీద ప్రతి చోటికీ ఉండే డోరు నంబరు లాంటివి. ఫోను మిమ్మల్ని నాలుగైదు మీటర్ల దగ్గరికి చేరుస్తుంది. ఆపైన కళ్లతో వెతుక్కోవాలి. డబ్బా దొరికితే లోపలి పుస్తకంలో పేరు, తేదీ రాయాలి. ఒక వస్తువు తీసుకుంటే అంత విలువైనదే ఇంకొకటి పెట్టాలి. డబ్బా మళ్లీ అక్కడే దాచాలి.

ముందు మీ పెరట్లోనో, బంధువుల తోటలోనో మొదలుపెట్టండి. మూత గట్టిగా పట్టే చిన్న డబ్బా, నోటుబుక్కు, పెన్సిలు, నాలుగు గాజులు, ఒక చిన్న మార్కాపురం పలక చాలు. నల్లమల అడవిలోకి మాత్రం వద్దు, అది పులుల అభయారణ్యం.

సముద్రం ఒడ్డుకి వెళ్తే

విశాఖ–భీమిలి దారిలో మంగమారిపేట దగ్గర అలలు తొలిచిన సహజ శిలాతోరణం ఉంది. పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లినప్పుడు ఒక మాట చెప్పండి. మన పలక రాయి కూడా వంద కోట్ల ఏళ్లకు పైగా కిందట నీటి అడుగున పేరుకున్న బురదే. సముద్రం ఒకచోట రాయిని తొలిస్తే, ఇంకోచోట రాయికి ముడిసరుకు పోగేసింది!

అక్కడ వేట ఆడేటప్పుడు ఈ జాగ్రత్తలు మరిచిపోకండి:

• ఆటు సమయంలోనే వెళ్లి, పోటు మొదలవకముందే తిరిగి రండి.

• పాచి పట్టిన రాళ్లమీద అడుగు వేయనివ్వకండి. నీళ్లలోకి అసలే దిగనివ్వకండి.

• సందుల్లో చెయ్యి పెట్టేముందు కర్రతో తట్టి చూడాలి.

• ఆ దారిలోనే ఉన్న ఎర్రమట్టి దిబ్బల్ని 2014లో భూవారసత్వ స్థలంగా గుర్తించారు. అక్కడ దాచడాలు, గీకడాలు వద్దు.

• ఎక్కడ డబ్బా పెట్టాలన్నా ఆ స్థలం వాళ్ల అనుమతి తప్పనిసరి.

రాతిమీద పేరు చెక్కడం కాదు, పుస్తకంలో పేరు రాసి చోటుని చెక్కుచెదరకుండా వదిలి రావడమే ఈ ఆట. ఆ అలవాటు పిల్లలకి అబ్బితే మన ఊరి పాతగుళ్లకి కూడా మేలే. ఈ ఆదివారం పెరట్లో ఒక డబ్బా దాచి చూడండి మరి!