అమ్మవారి పాట

తల్లిని గూర్చిన పాటలన్నియు లాలిపాటల వలె మెత్తనివి కావు. తెలుగు పల్లెలలో స్త్రీలు తరతరములుగా పాడుచు వచ్చిన మరియొక తల్లి పాట కలదు. ఈ తల్లి ఊరిని కాచును. అలిగినచో పసిబిడ్డలపైననే చేయి చేసికొనును. ఆమెయే అమ్మవారు. జానపదగేయములను అభిమానించు శ్రోతలకు ఈ పాట పూర్వాపరములను మనవి చేయుచున్నాము.

మశూచికము ఊళ్లను పీడించిన దినములలో దానిని రోగమని పిలుచుటకు జనులు జంకెడివారు. 'పిల్లకు అమ్మవారు పోసింది' అనెడివారు. ఒడలిపై లేచిన పొక్కులు ముత్యములు. వానిని చల్లిన తల్లి ముత్యాలమ్మ. చికెన్‌పాక్సుకు 'ఆటలమ్మ' యను పేరు నేటికిని నిలిచియున్నది.

పాటలోని మర్మము ఈ పేర్లలోనే కలదు. శత్రువునైనచో తరిమివేయవచ్చును, తల్లిని బతిమాలుకొనవలసినదే. అందుచేత పాట మొదట ఆమెను పుట్టింటికి వచ్చిన ఆడపడుచు వలె ఆదరించును. పిదప, వీడును నీ బిడ్డయే కదా, చల్లగా చూడుమని వేడును. ఒక్కొక్కయెడ నిష్ఠురములును వినవచ్చును. చెరసాలలో రామదాసు రాముని దెప్పినట్లే పల్లె ఇల్లాలు అమ్మవారిని దెప్పును. చనువు లేనిచోట నిష్ఠురము పుట్టదు గదా! తుదకు పెరుగన్నము నివేదించి, మర్యాద తప్పకుండ పొలిమేరకు సాగనంపును.

పాటతోపాటు ఆచారమును నడచెడిది. గుమ్మమునకు వేపమండలు కట్టెడివారు. ఇంట తాళింపు మానెడివారు. పరులను లోనికి రానిచ్చెడివారు కారు. ఈ కట్టుబాటు వలన అంటు కొంత తగ్గియుండవచ్చును. కాని పాట గాని, వేపాకు గాని మశూచికమును మాన్పజాలలేదు. ఎందరో పసివారు మరణించిరి. బ్రతికినవారిలో కొందరు చూపు కోల్పోయిరి. ఆ వ్యాధిని అంతమొందించినది టీకా. మన దేశమున అది 1975లో ఆగిపోయినది. 1980లో లోకమంతటను నిర్మూలమైనదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది.

వ్యాధి పోయినను పాట పోలేదు. రాత్రియెల్ల బిడ్డ మంచము కడ మేల్కొని, చేయదగిన దేమియు తోచని ఇల్లాలికి, తన మొర వినువారొకరు కలరను ధైర్యమును ఆ పాట ఇచ్చినది. కఠినురాలైనను ఆమెను తల్లియనియే పిలిచి, భయమును బంధుత్వముగా మార్చుకొనిన మనసు అందు వినబడును.

తట్టు మాత్రము నేటికిని పసివారిని విడువలేదు. దానికిని టీకా కలదు. బిడ్డకు సకాలమున టీకా వేయించి, ఆ పిమ్మట అమ్మవారి పాటను నిశ్చింతగా పాడుకొనవచ్చును.