మిర్యాముకు కలిగిన తెలుపు

సినిమా వేషాల ఆశతో హైదరాబాదు మధురానగర్ నుండి ఫిలింనగర్ బాట పట్టే అమ్మాయిని తరచు ముందుగా తూచేది మేని రంగుతోనే. 1975లో వచ్చిన ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ క్రీము 2020లో ‘గ్లో అండ్ లవ్లీ’గా పేరు మార్చుకున్నది. మన క్రైస్తవ వివాహ ప్రకటనలలో మాత్రం ‘తెల్లని వధువు’ ఇంకా మిగిలే ఉన్నది!

ప్రియ పాఠకులారా, సంఖ్యాకాండము 12వ అధ్యాయం తెరవండి. కూషు దేశపు స్త్రీని పెండ్లాడినందుకు మోషేను సొంత అక్క మిర్యాము, అన్న అహరోను నిందించారు. ఆ నింద రంగును గూర్చినదేనని లేఖనం చెప్పదు. అయితే కూషీయులు నల్లనివారు. మిర్యాముకు కలిగినదో, హిమమువంటి తెలుపు. అది కుష్ఠు. ఏడు దినములు ఆమె పాళెము వెలుపల ఉండవలసి వచ్చింది. ఆమె తిరిగి చేరువరకు జనులు ప్రయాణం సాగించలేదు. ఆమెను స్వస్థపరచుమని దేవునికి మొరపెట్టినవాడు ఆ నల్లని స్త్రీ భర్త మోషేయే.