తెల్లని ఇంటికి ఒక్క తెలుపు చాలదు

ఇల్లంతా తెలుపే కావాలనే కోరిక ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో బాగా కనిపిస్తోంది. గోడలు, సీలింగు, కర్టెన్లు, సోఫా, చివరికి వంటింటి అల్మారాలు కూడా తెలుపే. ఫొటోలో చూసి ముచ్చటపడిన గది సొంత హాల్లోకి వచ్చేసరికి ఆసుపత్రి వార్డులా ఉందని దిగులుపడేవాళ్లూ ఉన్నారు. అన్నిటికీ ఒకే తెలుపు, ఒకే నునుపు వాడితే వచ్చే చిక్కు ఇది.

ఈ పద్ధతికి పేరు తెచ్చిన గది లండన్‌లో ఉండేది. రచయిత సోమర్‌సెట్ మామ్ భార్య సిరీ మామ్, చెల్సీలోని కింగ్స్ రోడ్ ఇంట్లో 1927లో తన డ్రాయింగ్ రూమును తెల్లగా తీర్చి ఊరంతా చెప్పుకునేలా చేసింది. ‘అంతా తెలుపే’ అని పేరుపడ్డ ఆ గదిలో మీగడ రంగూ ఉంది, లేత గోధుమ ఛాయలూ ఉన్నాయి. శాటిన్ సోఫాలు, మారియన్ డార్న్ రూపొందించిన కార్పెట్టు, అద్దపు పలకల తెర ఒక్కొక్కటీ వెలుతురును ఒక్కో తీరుగా పట్టుకునేవి. గది అందమంతా ఆ తేడాల్లోనే ఉండేది.

మనకు తెల్లగోడ కొత్తదేమీ కాదు. సంక్రాంతికో పెళ్లికో ఇంటికి వెల్ల వేయించడం మన పెద్దలకు మామూలే. తడిసిన సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని, ఆరేకొద్దీ మళ్లీ సున్నపురాయిగా గట్టిపడుతుంది. ఆ పైపొర గరుకుగా ఉంటుంది కాబట్టి వెలుతురు అన్ని వైపులకూ చెదిరిపోయి, కంటికి మెత్తగా తగులుతుంది. సున్నంలో కాస్త నీలిమందు కలిపేవాళ్లు కదా, అది పసుపు ఛాయను విరిచేందుకు. ఇప్పటి ఎమల్షన్లలో తెలుపునిచ్చేది టైటానియం డయాక్సైడ్. 1916 ప్రాంతంలో ఫ్యాక్టరీల్లో తయారవడం మొదలై, విషపూరితమైన సీసపు తెలుపును క్రమంగా పక్కకు నెట్టింది. దానిలోనూ రవ్వంత పసుపు ఛాయ ఉంటుంది. అందుకే కంపెనీలు ఇతర రంగులు చుక్కలుగా కలిపి ఒకదాన్ని నీలం వైపు, ఇంకొకదాన్ని మీగడ వైపు తిప్పుతాయి. షేడ్ కార్డులో పదుల కొద్దీ తెలుపులు ఉండటానికి కారణం ఇదే.

డబ్బాలోని ఛాయ ఒక ఎత్తయితే, గదిలోకి వచ్చాక దానికి తోడయ్యేది ఇంకొక ఎత్తు. తెలుపు పక్కనున్న రంగును ఇట్టే పుచ్చుకుంటుంది. నేల ఎర్ర గ్రానైటైతే గోడ అడుగుభాగం గులాబీ రంగుకు తిరుగుతుంది. కిటికీ బయట వేపచెట్టుంటే పచ్చదనం లోపలికి వస్తుంది. ఉత్తరం కిటికీ వెలుతురులో నీలం పాలు ఎక్కువ, పడమటి గదిలో సాయంత్రం అంతా బంగారు ఛాయే. ఇక రాత్రి సంగతి పూర్తిగా బల్బులదే. మన ఇళ్లలో ఎక్కువగా వెలిగేవి 6500 కెల్విన్ ఎల్‌ఈడీలు. ఆ నీలపు వెలుగు నీలం ఛాయ తెలుపు మీద పడిందంటే ఇల్లు చల్లగా, ముభావంగా తయారవుతుంది. తెల్లని ఇంట్లో కూర్చునే గదులకు 3000, వంటింటికి 4000 కెల్విన్ బల్బులు పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం. సగం మంది అసంతృప్తి బల్బు మారిస్తేనే తీరిపోతుంది, పెయింటు జోలికే పోనక్కర్లేదు.

మంచి తెల్లని పెయింటు తనమీద పడ్డ వెలుతురులో 80 శాతానికి పైగా తిప్పి పంపుతుంది. కానీ పడటానికంటూ వెలుతురు ఉండాలి. కిటికీ లేని నడవాలో, పక్క బిల్డింగు గోడకు ఎదురుగా ఉన్న బెడ్‌రూములో తెలుపు బూడిద రంగుకు దిగిపోతుంది. అలాంటి చోట వెచ్చని రంగేదైనా వేసుకోవడమే మేలు.

గోడలకు తెలుపు వేస్తే ఇల్లు చల్లబడుతుందని కూడా కొందరు ఆశపడతారు. కానీ ఎండను తిప్పికొట్టాల్సింది డాబా పైభాగం. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం ఉద్దేశం కూడా అదే. చల్లదనం కోసమైతే ముందు డాబా మీద తెలుపు వేయించండి.

రంగుల తేడా తగ్గించినప్పుడు ఆ లోటును తీర్చేది స్పర్శ. పొందూరు ఖద్దరు, బ్లీచు చేయని కోరా బట్ట, నవారు మంచం, పేము కుర్చీ, రాతి రోలు ఇవన్నీ తెలుపుకు దగ్గరి బంధువులే, ఏ రెండూ ఒకలా కనిపించవు. కర్రను కర్రలాగే, ఇత్తడిని ఇత్తడిలాగే ఉండనివ్వండి. గోడ ఎగుడుదిగుళ్లను మెరుపులేని మ్యాట్ పెయింటు దాస్తుంది, మెరిసే పెయింటు బయటపెడుతుంది. తడిగుడ్డతో తుడవాల్సిన చోట మాత్రం కాస్త మెరుపు తప్పదు. తలుపులకు ఆయిల్ ఎనామిల్ తెలుపు వేయిస్తే వెలుతురు తగలని చోట అది పసుపెక్కుతుంది. నీటితో కలిపే ఎనామిల్ అడిగి తెచ్చుకోండి.

మన వంటిళ్లలో తెలుపుకు అసలు పరీక్ష పసుపు. పారాణిలో సున్నం తగిలి పసుపు ఎర్రబడటం తెలిసిందే, సబ్బు తగిలిన పసుపు మరక కూడా అలాగే ఎర్రబడుతుంది. బట్ట మీదైతే ఉతికి ఎండలో ఆరేస్తే చాలావరకు పోతుంది, పసుపు రంగు ఎండకు నిలవదు. పాలరాయి మాత్రం మరకను లోపలికి పీల్చుకుంటుంది. అందుకే స్టవ్ పక్కన పాలరాయి వద్దంటాను.

పెయింటరును పిలిచే ముందు రెండు మూడు తెలుపుల చిన్న డబ్బాలు కొనండి. రెండడుగుల అట్టల మీద రెండేసి కోట్లు వేసి, గోడకు ఆనించి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి లైట్లలో చూడండి. పక్కన తెల్లకాగితం పెడితే ఏది నీలం, ఏది పసుపు వెంటనే తెలిసిపోతుంది. డబ్బా మీద సీసం 90 పీపీఎంకు మించదన్న మాట ఉందో లేదో చూసుకోండి, 2017 నవంబరు నుంచి మన దేశంలో అది నిబంధన. నచ్చిన షేడ్ నంబరును రాసి దాచుకోండి. తెల్లగోడకు టచప్ పని తరచూ పడుతుంది.