పురిటికి పుట్టింటికి వచ్చే చేప

మూడేళ్ళ క్రితం అక్టోబరులో మా అమ్మ ఇండియా నుంచి వచ్చింది. ఒక శనివారం తెలుగు బడి అవగానే పిల్లలతో పాటు అమ్మని కూడా ఇసక్వాలో ఉన్న సాల్మన్ హేచరీకి తీసుకువెళ్ళాను. వాన తుంపర పడుతోంది. వాగు మీద వంతెన ఎక్కి కిందకు చూస్తే చేతి పొడుగు చేపలు, ఒంటి మీద గీరుకున్న గాయాలతో, నీటికి ఎదురీదుతున్నాయి.

"ఇవి సముద్రం నుంచి ఇంత దూరం ఎందుకొచ్చాయిరా?" అంది అమ్మ.

"గుడ్లు పెట్టడానికమ్మా. ఏ వాగులో పుట్టాయో సరిగ్గా ఆ వాగుకే వస్తాయి."

"అయితే పురిటికి పుట్టింటికి వచ్చాయన్నమాట!"

మా అమ్మాయి వెంటనే "పురుడు అంటే ఏంటి నాన్నా?" అని అడిగింది. ఆడపిల్ల కాన్పు కోసం తల్లిగారింటికి వెళ్ళడం మన ఆచారమని చెప్పాను. తరవాత ఆలోచిస్తే, అమ్మ అన్న ఆ ఒక్క మాటలో సాల్మన్ కథ చాలావరకు ఉందనిపించింది. మిగిలిన కథ అంత ముచ్చటగా ఉండదు. కానీ అందులో మనకీ భాగముంది కనుక పిల్లలకీ పెద్దలకీ చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

పులస, సాల్మన్

గోదావరి జిల్లాల వాళ్ళకి ఇలాంటి చేప కొత్తేమీ కాదు. "పుస్తెలమ్మైనా పులస తినాలి" అన్న సామెత వినని వాళ్ళుండరు. వానాకాలంలో గోదావరికి ఎర్రనీరు తగలగానే సముద్రంలోని విలస చేప నదిలోకి ఎదురీదుతూ వచ్చి పులస అవుతుంది. దాని రాక కూడా గుడ్లు పెట్టడానికే. తేడా ఏమిటంటే, గుడ్లు పెట్టాక పులస మళ్ళీ సముద్రానికి వెళ్ళగలదు. మన వాషింగ్టన్ రాష్ట్రపు వాగుల్లోకి వచ్చే కోహో సాల్మన్ వెళ్ళదు. వాగులో పుట్టి, ఏడాదికి పైగా అక్కడే పెరిగి, సముద్రానికి పోయి, సుమారు మూడేళ్ళ వయసులో తిరిగి వస్తుంది. గులకరాళ్ళలో గుడ్లు పెట్టి చనిపోతుంది. దానికి జీవితంలో ఒకటే పురుడు. అందుకే ఆ ఒక్కసారి ఏదైనా తేడా వస్తే మళ్ళీ సరిదిద్దుకునే వీలు లేదు.

దారి ఎలా తెలుస్తుంది?

సముద్రంలో తిరిగిన చేపకి తన చిన్న వాగు ఎలా గుర్తుంటుంది? విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఆర్థర్ హాస్లర్ అనే ఆచార్యుడికి ఈ సందేహం వచ్చింది. చిన్నతనంలో పీల్చిన వాగు వాసనని చేప గుర్తుపెట్టుకుంటుందేమో అని ఆయన ఊహ. 1950ల ఆరంభంలో ఆయన, ఆయన శిష్యుడు వారెన్ విస్బీ ఆ ఊహని పరీక్షించిన చోటు మరెక్కడో కాదు, మన ఇసక్వా వాగే!

ఆ వాగుకి రెండు పాయలున్నాయి. ఒక్కొక్క పాయలోకి వచ్చిన కోహోలని పట్టుకుని, కొన్నిటి ముక్కు రంధ్రాల్లో దూది పెట్టి, కొన్నిటిని అలాగే ఉంచి, పాయలు కలిసే చోటుకి దిగువన వదిలేశారు. ముక్కు బాగున్న చేపలు చాలావరకు తాము ముందు ఎంచుకున్న పాయలోకే వెళ్ళాయి. దూది పెట్టిన చేపలు దారి తేల్చుకోలేక తికమకపడ్డాయి. పుట్టింటి దారి చూపేది ముక్కేనన్న ఊహకి అలా బలం చిక్కింది. ఎన్నేళ్ళయినా ఆవకాయ జాడీ మూత తీయగానే మనకి ఊరు గుర్తురావడం లాంటిదే ఇది కూడా.

గుమ్మం దాకా వచ్చి...

1990ల చివరికొచ్చేసరికి సియాటిల్ పరిసరాల్లో పాడైన వాగులని బాగుచేసే పనులు జోరుగా సాగాయి. అడ్డంకులు తీశారు, ఒడ్డున చెట్లు నాటారు. కోహోలు తిరిగి వచ్చాయి. అందరూ సంతోషించే లోపే ఒక వింత బయటపడింది. వాన పడిన కొద్ది గంటల్లో ఆ చేపలు నీటిపైకి తేలి, నోళ్ళు తెరిచి, తూలుతూ గుండ్రంగా తిరిగి చచ్చిపోతున్నాయి. ఆడచేపల కడుపు కోసి చూస్తే గుడ్లు అలాగే ఉన్నాయి. కొన్ని వాగుల్లో వచ్చిన వాటిలో సగానికి పైగా ఇలాగే పోయేవి. పురిటికి వచ్చిన ఆడపిల్ల గుమ్మంలోనే కుప్పకూలితే ఎలా ఉంటుంది?

నీళ్ళు వేడెక్కాయా? ఆక్సిజన్ చాలలేదా? జబ్బా? పురుగుమందులా? శాస్త్రజ్ఞులు ఒక్కొక్కటీ చూశారు. ఏదీ కాదని తేలింది. కానీ చుట్టూ రోడ్లు, కార్లు ఎంత ఎక్కువుంటే చావులు అంత ఎక్కువ. 2016లో అచ్చయిన ఒక పరిశోధనలో సియాటిల్ హైవే మీద నుంచి జారిన వాననీటిని పట్టి, అందులో కోహోలని ఉంచారు. ఒక్క రోజులోనే చనిపోయాయి. అదే నీటిని ఇసుక, కంపోస్టు కలిపిన మట్టి గుండా వడకట్టి పెడితే బతికాయి! విషం రోడ్డు నీటిలోనే ఉంది. కానీ ఏది ఆ విషం?

రెండు వేలలో ఒక్కటి

సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఈ ఘట్టం బాగా అర్థమవుతుంది. పెద్ద ప్రోగ్రాంలో బగ్ ఎక్కడుందో తెలియకపోతే ఏం చేస్తాం? ముక్కలుగా విడదీసి, ఏ ముక్కలో తప్పు వస్తోందో చూసి, దాన్ని మళ్ళీ విడదీస్తాం. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం, వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు సరిగ్గా ఇదే చేశారు. ముందు రోడ్డు నీటిలో ఉండే రకరకాల వస్తువులని పరీక్షించి, కారు టైర్ల మీద అనుమానపడ్డారు. టైరు రబ్బరుని తురిమి నీటిలో నానబెడితే ఆ నీటిలో రెండు వేలకి పైగా రసాయనాలు! దాన్ని భాగాలుగా విడదీసి, ప్రతి భాగంలో కోహో పిల్లలని ఉంచి, ప్రాణం తీసే భాగాన్ని మళ్ళీ విడదీస్తూ పోయారు. చివరికి ఒక్క రసాయనం మిగిలింది. అందులో 18 కార్బన్లు, 22 హైడ్రోజన్లు, 2 నైట్రోజన్లు, 2 ఆక్సిజన్లు. కానీ ఆ లెక్కకి సరిపోయే వస్తువేదీ టైర్ల తయారీలో వాడరు!

కిటుకు ఏమిటంటే, దాన్ని టైర్లో ఎవరూ వేయలేదు, అది తరవాత తయారైంది. గాలిలోని ఓజోన్ వల్ల రబ్బరు పగుళ్ళిస్తుంది. అలా జరగకుండా 1960ల నుంచి టైర్లలో 6పీపీడీ అనే రసాయనం కలుపుతున్నారు. అందులోనూ 18 కార్బన్లు, 2 నైట్రోజన్లే. అది తాను ముందుకు వచ్చి ఓజోన్‌తో కలిసి రబ్బరుని కాపాడుతుంది. అలా కలిసినప్పుడు పుట్టేదే ఈ విషం, 6పీపీడీ-క్వినోన్. టైరు అరిగి పొడి రాలుతుంది, వాన ఆ పొడిని కడిగి వాగులో పోస్తుంది. 2020 డిసెంబరులో 'సైన్స్' పత్రికలో ఈ సంగతి ప్రకటించారు.

ఎంత విషం కావాలి? లీటరు నీటిలో 95 నానోగ్రాములుంటే చాలు, కోహో పిల్లల్లో సగం ఒక్క రోజులో చనిపోతాయని 2022లో తేలింది. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లో వంతు. విచిత్రమేమిటంటే, అదే నీటిలో కోహోకి దగ్గరి చుట్టమైన చమ్ సాల్మన్‌కి ఏమీ కాదు.

మరి మనమేం చేయాలి?

6పీపీడీని ఎవరూ చెడ్డ ఉద్దేశంతో కలపలేదు. టైరు నడిరోడ్డు మీద పగలకూడదు కదా! వారాంతంలో పిల్లలని బడికి తెచ్చే మన కార్లన్నీ ఆ టైర్ల మీదే నడుస్తున్నాయి. అందుకే ఇది ఒకరిని తిట్టి ఊరుకునే సమస్య కాదు. దాని బదులు ఏం వాడాలో వెతకమని కాలిఫోర్నియా రాష్ట్రం 2023లో టైర్ల కంపెనీలకి నియమం పెట్టింది. అదే ఏడాది మన రాష్ట్రానికి చెందిన పోర్ట్ గ్యాంబుల్ స్క్లాలమ్, ప్యుయాలప్ తెగలు, కాలిఫోర్నియాలోని యురోక్ తెగ కలిసి ఫెడరల్ పర్యావరణ సంస్థకి అర్జీ పెడితే, ఆ సంస్థ దాన్ని స్వీకరించింది. తరతరాలుగా సాల్మన్‌తోనే బతికిన జాతులవి.

ఈలోగా మట్టి వడపోత ఉండనే ఉంది. రోడ్డు నీరు నేరుగా వాగులోకి పోకుండా, మొక్కలూ కంపోస్టూ ఉన్న పల్లపు మడిలోకి మళ్ళిస్తే విషం చాలావరకు మట్టిలోనే ఆగిపోతుంది. ఇక్కడ వీటిని రెయిన్ గార్డెన్లంటారు. పార్కింగ్ స్థలాల పక్కన, రోడ్ల వెంట కనిపిస్తాయి. కొంతమంది ఇళ్ళ ముందు కూడా వేసుకుంటున్నారు.

ఒక తప్పు ఒప్పుకోవాలి. నేను చాలా ఏళ్ళు ఇంటి ముందే కారు కడిగాను. సబ్బునీళ్ళు, టైర్ల మురికి వీధి చివర జాలీలోకి పోతుంటే, అక్కడి నుంచి ఎక్కడో శుద్ధి చేస్తారులే అనుకున్నాను. చాలాచోట్ల అలా చేయరు, ఆ నీరు తిన్నగా వాగుకో చెరువుకో పోతుంది. ఇప్పుడు కార్ వాష్‌కే తీసుకువెళుతున్నాను, ఆ నీళ్ళు మురుగునీటి శుద్ధి కేంద్రానికి పోతాయి కనుక.

పిల్లలూ, మీకొక చిన్న హోంవర్క్. మీ ఇంటి ముందు పడిన వాన ఏ జాలీలోకి పోతుందో, అక్కడి నుంచి ఏ వాగుకి చేరుతుందో అమ్మానాన్నలతో కలిసి కనుక్కోండి. ఆ వాగు పేరు తెలుగులో రాసి తరగతికి తీసుకురండి.

అమ్మ ఇప్పుడు ధవళేశ్వరం దగ్గర మా ఊళ్ళోనే ఉంది. ప్రతి అక్టోబరులో ఫోన్ చేసినప్పుడు మా క్షేమ సమాచారాలయ్యాక తప్పకుండా అడుగుతుంది: "ఆ పురిటికొచ్చే చేపలు ఈ ఏడు వచ్చాయిరా? క్షేమంగా ఉన్నాయా?"

వచ్చాయని చెప్పగలుగుతున్నాను. క్షేమం మాట మాత్రం ఇంకా గట్టిగా చెప్పలేకపోతున్నాను.