కషిహర మందిరం

షింటో మందిరమనగానే అతి ప్రాచీనమైన ఆరాధనా స్థలం స్ఫురిస్తుంది. జపాన్‌లోని నారా ప్రాంతంలో, ఉనెబి కొండ పాదాన ఉన్న కషిహర మందిరం మాత్రం 1890లో స్థాపించబడినది. కియోటో రాజప్రాసాదంలోని ఒక భవనాన్ని మెయిజీ చక్రవర్తి ఇందుకోసం ఇచ్చాడు. ఇక్కడ ఆరాధింపబడే జిమ్ము, సూర్యదేవత అమతెరాసు వంశజుడనీ, జపాన్ తొలి చక్రవర్తి అనీ, క్రీ.పూ. 660లో ఈ చోటనే సింహాసనమెక్కాడనీ గాథ.

దీనికి ఆధారం 712 నాటి 'కొజికి', 720 నాటి 'నిహోన్ షోకి'. అంటే ఆ సంఘటనకు పదమూడు శతాబ్దాల తరువాతి రచనలు! జిమ్ము ఆయుర్దాయం ఒకదానిలో 137 ఏళ్లు, మరొకదానిలో 127. ఇస్నాద్ పరిశీలనకు అలవాటుపడిన పాఠకునికి ఇంతకంటే చెప్పనక్కరలేదు.

గాథ గాథగా ఉన్నంతవరకు ఎవరికీ బాధ లేదు. మెయిజీ ప్రభుత్వం దానిని రాజ్యానికి పునాదిగా చేసింది. ఫిబ్రవరి 11ను జిమ్ము పట్టాభిషేక దినంగా నిర్ణయించింది. 1940లో రానున్న '2600వ సంవత్సరం' పేరిట, అంతకు ముందే లక్షలాది జనం కషిహర ఆవరణను విస్తరించే పనిలో శ్రమదానం చేశారు. ఈ ప్రాచీన కథనాలు చరిత్ర కావని వాదించిన ఆచార్య త్సుదా సోకిచి గ్రంథాలు 1940లో నిషేధింపబడ్డాయి. 1942లో న్యాయస్థానం ఆయనను దోషిగా ప్రకటించింది.

ఆ వంశగౌరవం సముద్రం దాటి ముస్లింల మీదికీ వచ్చింది. 1942లో జపాన్ సేనలు ఇండోనేషియాను ఆక్రమించాక, సభల్లో అందరూ టోక్యో ప్రాసాదం దిశగా నిలిచి నడుము వంచి వందనం చేయాలన్నారు. ఇది మర్యాదే తప్ప ఆరాధన కాదని అధికారుల సమాధానం. కాని చూడటానికి అది రుకూయే. వందనం అందుకునేవాడు దైవసంతతి అని ప్రచారం. ఇక తౌహీద్‌కు మిగిలేదేమిటి? 1943లో బాండుంగ్ సభలో అందరూ లేచి వంగగా, సుమత్రాకు చెందిన వృద్ధ ఆలిం హాజీ రసూల్ కూర్చున్నచోటు నుండి కదలలేదు.

ఇక్కడ అనువాదకులకు కూడా ఒక హెచ్చరిక ఉంది. షింటోలోని 'కామి' అనే మాట సృష్టికర్తకు పర్యాయపదం కాదు. మహాపురుషుడు, కొండ, జలపాతం కూడా కామి కావచ్చు. అందుకే జపాన్ ముస్లింలు కలిమా అర్థం చెప్పేటప్పుడు 'ఇలాహ్'కు కామి అని వాడి, 'అల్లాహ్' నామాన్ని యథాతథంగా ఉంచుతారు.

1945 డిసెంబరులో షింటోకూ రాజ్యానికీ గల బంధాన్ని ఆక్రమణ అధికారులు తెంచారు. 1948లో రద్దయిన ఫిబ్రవరి 11 సెలవు, 1966లో 'దేశ స్థాపన దినం'గా తిరిగి వచ్చింది. ఆ రోజు కషిహరలో నేటికీ ఉత్సవం జరుగుతుంది. వెళ్లేవారు తమ ఇష్టం మీద వెళతారు.