కనీస వేతనం మన సబ్జెక్టే!

‘మనం డిగ్రీలు, బీటెక్‌లు చేస్తున్నాం. కనీస వేతనం గోల మనకెందుకు? అది కూలీల సంగతి కదా!’ క్యాంపస్‌లలో తరచూ వినిపించే మాట ఇది. మీరూ అలాగే అనుకుంటున్నారా? అయితే ముందు ఈ చిన్న లెక్క చూడండి.

2024 ఆగస్టులో కాగ్నిజెంట్ సంస్థ మూడేళ్ల డిగ్రీ చేసిన ఫ్రెషర్లకు ఏడాదికి రూ.2.52 లక్షల ప్యాకేజీ ప్రకటించింది. సోషల్ మీడియాలో మీమ్స్ వెల్లువెత్తాయి. నెలకు లెక్కేస్తే అది రూ.21,000. అదే ఏడాది అక్టోబరు 1 నుంచి కేంద్రం పరిధిలోకి వచ్చే పనుల్లో కొత్త కనీస వేతనాలు అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం పెద్ద నగరాల్లో నైపుణ్యం అక్కర్లేని నిర్మాణ కార్మికుడికి రోజుకు రూ.783 ఇవ్వాలి. 26 రోజులకు రూ.20,358. గుమస్తా పని చేసేవారికైతే నెలకు రూ.24,804. అంటే డిగ్రీ పట్టాతో వచ్చే ప్యాకేజీ గుమస్తా కనీస వేతనం కంటే కిందే ఉంది. ఇప్పుడు చెప్పండి, ఈ చర్చ మనది కాదా?

అవుకులో ఎన్ని అంకెలు?

నంద్యాల జిల్లా అవుకు పేరు చెప్పగానే రిజర్వాయర్, ఆ తర్వాత నాపరాళ్లు గుర్తొస్తాయి. అటు కొలిమిగుండ్ల, ఇటు బనగానపల్లె, పైన బేతంచెర్ల.. ఈ ప్రాంతమంతా గనులు, పాలిష్ ఫ్యాక్టరీలే. కనీస వేతనం ఎంత గజిబిజిగా ఉంటుందో తెలియాలంటే ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

గనుల్లో వేతనాలు నిర్ణయించే అధికారం కేంద్రానిది. ఫ్యాక్టరీలు, దుకాణాలు, ప్రైవేటు ఆఫీసుల సంగతి రాష్ట్రం చూస్తుంది. కాబట్టి గనిలో బండ తీసే మనిషికి ఒక అంకె, అదే బండను నునుపు చేసే పాలిష్ ఫ్యాక్టరీ కార్మికుడికి ఇంకో అంకె. ఆ ఫ్యాక్టరీలో బిల్లులు రాసే బీకామ్ కుర్రాడిదీ రాష్ట్రం లెక్కే. ఊళ్లో ఉపాధి పనికి వెళ్లేవాళ్లకు 2025-26లో కేంద్రం ఖరారు చేసిన కూలి రూ.307. ప్రభుత్వ ఆఫీసులో ఔట్‌సోర్సింగ్ ఉద్యోగమైతే 2022 జనవరి జీఓ ప్రకారం కేటగిరీని బట్టి రూ.15,000, రూ.18,500, రూ.21,500.

ఒకే మండలం, ఒకే సంత, ఒకే ధరకు బియ్యం. వేతనాలు మాత్రం ఇన్ని రకాలు.

ఈ అంకె ఎక్కడి నుంచి వస్తుంది?

1948లో కనీస వేతనాల చట్టం వచ్చింది. ఎంత ఇవ్వాలో లెక్కగట్టే పద్ధతిని 1957లో జరిగిన 15వ భారత కార్మిక సదస్సు చెప్పింది. కార్మికుడు, జీవిత భాగస్వామి, ఇద్దరు పిల్లలు కలిపి మూడు యూనిట్లు. ఒక్కో యూనిట్‌కు రోజుకు 2,700 క్యాలరీల ఆహారం, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె, వంటచెరకు, దీపం ఖర్చు. పిల్లల చదువు, వైద్యం, వృద్ధాప్యం లాంటి అవసరాల కోసం మరో 25 శాతం కలపాలని 1991లో సుప్రీంకోర్టు రాప్టకోస్ బ్రెట్ కేసులో తేల్చింది. ‘మాకంత స్తోమత లేదు’ అనే యజమాని వాదన కనీస వేతనం విషయంలో చెల్లదని 1961లోనే ఉనిచోయి కేసులో స్పష్టం చేసింది.

అంటే ఇది మనిషి బతకడానికి ఎంత కావాలో కూడి తేల్చిన లెక్క. యజమాని దయకు ఇందులో చోటు లేదు.

పెంచితే ఉద్యోగాలు పోతాయా?

‘పెంచొద్దు’ అనేవాళ్ల వాదన కూడా వినాలి. చిన్న పాలిష్ యూనిట్ యజమానికి కరెంటు బిల్లు ఉంది, లారీ కిరాయి ఉంది, మార్కెట్‌లో టైల్స్ పోటీ ఉంది. కూలి ఒక్కసారిగా రెట్టింపైతే ఇద్దరిని తీసేసి మిషన్ పెట్టుకుంటాడు, లేదా షట్టర్ దించేస్తాడు. ఇది ఉత్త బెదిరింపు కాదు, నిజమైన భయమే.

మరి అనుభవం ఏం చెబుతోంది? 1992లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం గంటకు 4.25 డాలర్లున్న కనీస వేతనాన్ని 5.05 డాలర్లకు పెంచింది. పక్కనే ఉన్న పెన్సిల్వేనియా పెంచలేదు. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఆర్థికవేత్తలు రెండు చోట్లా ఫాస్ట్‌ఫుడ్ రెస్టారెంట్లను పోల్చి చూశారు. పెంచిన చోట ఉద్యోగాలు తగ్గినట్లు కనిపించలేదు. కార్డ్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. అలాగని ఎంత పెంచినా ఏమీ కాదని ఆ పరిశోధన చెప్పలేదు. అక్కడి పెంపు 19 శాతం లోపే. మోతాదు ముఖ్యం.

అసలు చిక్కు ‘ఎంత’ కాదు, ‘ఎప్పుడు’

నా దృష్టిలో ఈ చర్చలో మనం పట్టించుకోని పాయింట్ ఇదే. వేతనాలను ఐదేళ్లకు మించకుండా సవరించాలని చట్టమే చెబుతోంది. మధ్యలో ధరల సూచీని బట్టి కరవు భత్యం మారుతుంది. మన రాష్ట్రంలో ఏటా ఏప్రిల్ 1, అక్టోబరు 1న ఆ మార్పు వస్తుంది. అయితే మూల వేతనం కదలకుండా భత్యం ఒక్కటే పెరుగుతుంటే ధరల వెనకాల పరుగెత్తడమే తప్ప బతుకు మెరుగుపడదు.

జాతీయ స్థాయి కనీస వేతనం 2017లో రోజుకు రూ.176. రెండేళ్ల తర్వాత ఎంత పెంచారో తెలుసా? రెండు రూపాయలు! రూ.375 ఉండాలని అనూప్ సత్పతి కమిటీ సిఫార్సు చేసిన 2019లోనే ఇది జరిగింది. తెలంగాణలో 2021 జూన్‌లో ఐదు రంగాలకు కొత్త వేతనాల జీఓలు ఇచ్చారు కానీ గెజిట్‌లో ప్రచురించక అవి కాగితాల్లోనే ఆగిపోయాయి. ఆ మాటకొస్తే అమెరికా ఫెడరల్ కనీస వేతనం 2009 నుంచి 7.25 డాలర్ల దగ్గరే ఉంది. డల్లాస్‌లో ఉన్న మీ సీనియర్‌ను అడగండి, టెక్సాస్‌లో వర్తించేది అదే.

ఏళ్ల తరబడి ఆపి ఒక్కసారి పెంచితే దెబ్బ రెండువైపులా తగులుతుంది. ఆపినన్నాళ్లూ కార్మికుడు నష్టపోతాడు, పెంచిన రోజు చిన్న యజమాని కుదేలవుతాడు. 1999లో కనీస వేతనం తెచ్చిన బ్రిటన్‌లో లో పే కమిషన్ క్రమం తప్పకుండా లెక్కలు చూసి సిఫార్సు చేస్తుంది. కొద్దికొద్దిగా, ముందే చెప్పి పెంచితే యజమాని సిద్ధంగా ఉంటాడు, ఉద్యోగికి భరోసా ఉంటుంది. ‘పెంచాలా, వద్దా’ అని కొట్టుకోవడం కంటే ‘టైమ్‌కు పెంచండి’ అని అడగడం మేలు.

పేరు మార్చితే సరిపోతుందా?

పెంపు టైమ్‌కు జరిగినా అది మన చేతికి రావాలంటే మనకిచ్చే డబ్బును ‘వేతనం’ అనాలి. అంగన్‌వాడీ కార్యకర్తలకు ఇచ్చేది ‘గౌరవ వేతనం’. 2023 డిసెంబరు నుంచి 2024 జనవరి వరకు మన రాష్ట్రంలో వాళ్లు 42 రోజులు సమ్మె చేశారు. అప్పటికి కార్యకర్తకు వచ్చేది రూ.11,500. గౌరవం ఉంది, వేతనమే చాలలేదు!

ఫ్రెషర్ల దగ్గర ఇదే పని ‘స్టైపెండ్’ అనే మాట చేస్తుంది. నా మొదటి కంపెనీలో ఆరు నెలలు ‘ట్రైనీ’ అన్నారు. పని మాత్రం రెగ్యులర్ ఉద్యోగిదే, రాత్రి పది దాకా. ఇక్కడ తేడా తెలుసుకోండి. అప్రెంటిస్ చట్టం కింద చేరితే విషయం వేరు. అక్కడ డిగ్రీవాళ్లకు 2019 నిబంధనల ప్రకారం కనీస స్టైపెండ్ రూ.9,000. దాన్ని రూ.12,300 చేయాలని 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి సిఫార్సు చేసింది. ఆ చట్టం కింద కాకుండా ఉత్తినే ‘ట్రైనీ’ అని పిలిచి పని చేయించుకుంటే కనీస వేతనం నుంచి తప్పించుకోవడం కుదరదు.

సంతకానికి ముందు..

వేతనాల కోడ్-2019 గత 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. ఇదివరకు జాబితాలో ఉన్న పనులకే కనీస వేతనం వర్తించేది. ఇప్పుడు దాదాపు ఉద్యోగులందరికీ వర్తిస్తుంది. కేంద్రం ఖరారు చేసే జాతీయ కనీస స్థాయికి తక్కువగా ఏ రాష్ట్రమూ నిర్ణయించకూడదు. కాబట్టి ఆఫర్ లెటర్ చేతికి రాగానే ఇవి చూసుకోండి.

- సీటీసీ అంకె చూసి మురిసిపోకండి. బేసిక్, డీఏ ఎంతో చూసి, మీ పనికి ప్రభుత్వం ప్రకటించిన కనీస వేతనంతో పోల్చండి. కంపెనీ కట్టే పీఎఫ్ వాటా వేతనం కిందకు రాదు.
- నియామక పత్రం రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. ‘ట్రైనీ’ అని ఉంటే ఏ చట్టం కింద, ఎన్ని నెలలు అని అడగండి.
- కన్సల్టెన్సీ లేదా కాంట్రాక్టర్ ద్వారా చేరుతుంటే మీ యజమాని ఎవరో పత్రంలో రాసి ఉండాలి.
- ఓవర్‌టైమ్‌కు రెట్టింపు రేటు ఇవ్వాలి. మానేస్తే రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి.
- పే స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు దాచుకోండి. తక్కువ ఇచ్చారని మూడేళ్ల లోపు ఫిర్యాదు చేయొచ్చు. రాష్ట్రం పరిధి అయితే జిల్లా కార్మిక శాఖ కార్యాలయానికి, గనుల్లాంటివైతే కేంద్ర కార్మిక శాఖ అధికారులకు.

ఏప్రిల్‌లో, అక్టోబరులో కొత్త రేట్లు వచ్చినప్పుడు జాబ్ నోటిఫికేషన్ చూసినట్టే వాటినీ ఒకసారి చూడండి. మీ కోసం కాకపోయినా, పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసే మీ మామయ్యకో, దుకాణంలో చేరిన మీ చెల్లెలికో ఆ అంకె చదివి చెప్పడానికి పనికొస్తుంది.