మున్సిపాలిటీ కోట్లలో కౌన్సిల్ చేతికొచ్చేది ఎంత?

మున్సిపల్ బడ్జెట్ సమావేశం జరిగిన మర్నాడు పేపర్లో ఒక్కటే అంకె కనిపిస్తుంది: ఇన్ని కోట్లకు కౌన్సిల్ ఆమోదం. అంత డబ్బుందిగా, మన వీధి డ్రెయిన్ ఈ ఏడైనా పూర్తవుతుందని ఆశపడతాం. కానీ అందులో కౌన్సిల్ తన ఇష్టప్రకారం ఖర్చు పెట్టగలిగేది కొంతే. మిగతా సొమ్ము దేనికి వాడాలో ముందే రాసిపెట్టి ఉంటుంది.

ఆ కొంత ఉండేది సాధారణ నిధిలో. ఆస్తి పన్ను, ఇళ్ల ప్లాన్ల ఫీజులు, ట్రేడ్ లైసెన్సులు, మున్సిపల్ షాపుల అద్దెలు దీనికి జమవుతాయి.

ఆస్తి పన్నుతో పాటు మనం కట్టేదంతా కూడా మున్సిపాలిటీది కాదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం పన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. ఏడాదికి 5,000 రూపాయల పన్ను ఉన్న ఇల్లు 400 రూపాయల సెస్సు కడుతుంది. అలాంటి ఇళ్లు వీధిలో వంద ఉంటే ఏటా 40,000. ఈ డబ్బును మున్సిపాలిటీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు పంపాలి. కొత్త పుస్తకాలకు, పత్రికల చందాలకు ఆ సంస్థలకు ఇదే పెద్ద దిక్కు. అయినా తెలుగు రాష్ట్రాల్లో ఈ బకాయిలు కోట్లలో పేరుకున్నాయి. ప్రజల దగ్గర గ్రంథాలయం పేరు చెప్పి తీసుకున్న డబ్బును వేరే అవసరానికి వాడుకోవడం అన్యాయం.

ఇక ఢిల్లీ నుంచి వచ్చేది. 2021-26 కాలానికి దేశంలోని పట్టణ స్థానిక సంస్థలకు 15వ ఆర్థిక సంఘం రూ.1,21,055 కోట్లు సిఫార్సు చేసింది. ఆ కాలంలో పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణానికి కోటి రూపాయలు వస్తే 30 లక్షలు తాగునీటికి, 30 లక్షలు పారిశుద్ధ్యానికి. ఆఫీసు భాషలో ఇవి ‘టైడ్’ గ్రాంట్లు. మిగిలిన 40 లక్షలు ‘అన్‌టైడ్’ అన్నారు గానీ, వాటినీ జీతాలకు వాడనివ్వలేదు. హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి పది లక్షలు దాటిన నగరాలకైతే మొత్తం టైడే: మూడో వంతు గాలి నాణ్యతకు, మిగతాది నీటికి, చెత్త నిర్వహణకు. నీళ్ల డబ్బు నీళ్లకే పోవాలన్న ఈ నియమం మంచిదే. చిక్కల్లా, ఇదంతా కలిపి చెప్పిన బడ్జెట్ చూసి ఊరి చేతిలో డబ్బు దండిగా ఉందనుకోవడంలోనే ఉంది.

ఇలా కలిపేయకుండా నిధులను విడివిడిగా చూపే చోట్లూ ఉన్నాయి. ముంబై నగరపాలక సంస్థ 2025-26 బడ్జెట్ రూ.74,427 కోట్లు. అక్కడ ఎప్పటినుంచో బడ్జెట్‌ను అక్షరాలతో విడగొడతారు: ‘ఎ’ సాధారణ పనులకు, ‘ఇ’ విద్యకు, ‘జి’ నీటి సరఫరా, మురుగునీటికి. తమిళనాడు పట్టణాల్లోనూ నీటికి, ప్రాథమిక విద్యకు వేరువేరు నిధులున్నాయి. నీటి పన్ను నీటి ఖర్చుకు సరిపోతోందో లేదో అలాంటి చోట ఇట్టే తెలుస్తుంది.

మన దగ్గర సాధారణ నిధి మీద ముందు పడేవి జీతాలు, వీధి దీపాల కరెంటు బిల్లులు. తెలంగాణలోనైతే 2019 చట్టం ప్రకారం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పక్కన పెట్టాలి. ఇవన్నీ పోగా మిగిలితేనే వీధి డ్రెయిన్.

ఈసారి బడ్జెట్ పెట్టినప్పుడు మీ వార్డు కౌన్సిలర్‌ను రెండు లెక్కలు అడగండి: సాధారణ నిధిలో జీతాలు, కరెంటు పోను మిగిలేదెంత? నిరుడు వసూలైన గ్రంథాలయ సెస్సులో జమ చేసిందెంత?